మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే విజయవాడ గవర్నర్‌పేట రంగు మారుతుంది. బీసెంట్ రోడ్డు బట్టల దుకాణాల్లో, ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో, జైహింద్ కాంప్లెక్స్ మెట్ల మీద, సిటీ బస్సు స్టీరింగు ముందు ఎర్రబట్టల భవానీలు, నల్లబట్టల అయ్యప్ప స్వాములు కనిపిస్తారు. మొన్నటిదాకా గంటకో సిగరెట్టు లేనిదే కౌంటర్లో నిలవలేని గుమాస్తా దాని ఊసే ఎత్తడు. షాపు కట్టగానే వైన్‌ షాపు వైపు తిరిగే కాళ్ళు తిన్నగా పీఠానికి వెళ్తాయి. ఎనిమిదింటికి నాలుగుసార్లు లేపితే గానీ కదలని కుర్రాడు తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం చేసి వత్తి వెలిగిస్తాడు. మండల దీక్ష అయితే 41 రోజులు, అర్ధమండలం అయితే 21. అన్నాళ్ళూ ఒక్కరోజు కూడా తప్పడు.

ఇదంతా అమ్మవారి మహిమ, స్వామి దయ అంటారు. నేను కాదనను. కానీ ఆ భక్తి జారిపోకుండా దాని చుట్టూ పెద్దలు చేసిన ఏర్పాటు ఒకటుంది. ఉద్యోగం చేసుకుంటూ ఆరోగ్యం కాపాడుకోవాలనుకునే ప్రతివాళ్ళూ దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఎందుకంటే మనలో చాలామంది "నాకు మనోబలం లేదండీ, మొదలుపెడతాను, నాలుగు రోజులకి వదిలేస్తాను" అని తమనే తిట్టుకుంటారు. మాల వేసుకున్న ఆ గుమాస్తాకి కార్తీకంలో కొత్తగా మనోబలం ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు. ఆశ్వయుజంలో ఉన్న మనిషే అతను. మారింది అతని చుట్టుపక్కల.

బట్టల రంగు మారగానే ఎదుటివాళ్ళు మారతారు. టీ కొట్టు అతను అలవాటుగా సిగరెట్టు తీసి చేతిలో పెట్టడు. బావమరిది గ్లాసు ముందుకు జరపడు. మేనేజరు కూడా "స్వామీ, ఆ బిల్లు ఓసారి చూడండి" అంటాడు. అలా పిలిపించుకున్నాక నోట్లోంచి బూతు రావడం కష్టం. మధ్యాహ్నం భిక్ష ఎక్కడ, ఎన్నింటికి, ఎవరెవరితో అన్నది ముందే తేలిపోయి ఉంటుంది. రాత్రికి అల్పాహారం. పడక చాప మీద. తెల్లవారుజామున పక్కింటి స్వామి వచ్చి తలుపు కొడతాడు. లేవనా వద్దా, తిననా మాననా అని తనతో తను వాదించుకునే సందే రోజంతట్లో ఎక్కడా మిగలదు. రంజాన్ నెలలో వన్‌టౌన్‌లో ఉపవాసం ఉండే ముస్లిం సోదరుల సంగతీ ఇంతే. ఇంటిల్లిపాదీ, వీధి వీధీ ఒకే వేళకి లేచి ఒకే వేళకి తింటున్నప్పుడు ఒక్క మనిషి మీద భారం పడదు.

ఇక ఇంద్రకీలాద్రి మీద విరమణ అయింది, ఇరుముడి సమర్పించారు, మాల తీశారు. ఆ మర్నాడు ఏమవుతుందో అందరికీ తెలుసు. కొందరు నిజంగానే సిగరెట్టు మానేస్తారు. చాలామంది వారం తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తారు. ఇంట్లో ఆడవాళ్ళు నిట్టూరుస్తారు. "మాల ఉన్నన్నాళ్ళే బుద్ధి" అన్న మాట పడుతుంది. ఆ మాట అన్యాయం అని నా అభిప్రాయం. మాలతో పాటు ఎర్రబట్టలు పోయాయి, "స్వామీ" అనే పిలుపు పోయింది, భిక్ష బంతి పోయింది, తలుపు కొట్టే తోటి స్వామి పోయాడు. టీ కొట్టు, బావమరిది, ఫోను, మెత్తటి పరుపు మాత్రం ఒక్కరోజులో తిరిగొచ్చాయి. ఇన్నిటి మధ్య నిలబడమని ఒక్క మనసుని ఒంటరిగా వదిలేశాం.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు కలిసి అలవాటు కుదరడానికి ఎన్నాళ్ళు పడుతుందన్న దాని మీద 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరినీ ఒక చిన్న మంచి పని ఎంచుకోమన్నారు: భోజనంతో పాటు నీళ్ళు తాగడమో, పండు తినడమో, కాసేపు నడవడమో. దాన్ని రోజూ జరిగే మరో పనికి ముడిపెట్టమన్నారు. 12 వారాలు గమనించారు. ఆలోచించకుండానే ఆ పని జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజులు పట్టవచ్చని అంచనా. మన మండలం 41 రోజులు. అంటే చాలామందికి అలవాటు ఇంకా పచ్చిగా ఉండగానే చుట్టూ ఉన్న ఏర్పాటంతా ఒక్కసారిగా తీసేస్తున్నాం. ఇందులో దీక్ష తప్పేమీ లేదు. దీక్ష ఉన్నది అమ్మవారి కోసం, మన బీపీ కోసం కాదు. ఆ మిగిలిన రోజుల బాధ్యత మనది.

అందుకని ఈ ఏడాది మాల వేసుకునేవాళ్ళకి ఒక సలహా. విరమణ రోజున ఏమేం వదిలేయాలో కాదు, ఏమేం వదలకూడదో ముందే అనుకోండి. నన్నడిగితే మొదట నిలుపుకోవలసింది తోటి స్వామిని. పొద్దున్నే తలుపు కొట్టే మనిషి ఉంటే చాలు, స్నానం తర్వాత పీఠానికి వెళ్ళిన కాళ్ళే అరగంట నడకకి వెళ్తాయి. దీక్షలో ఒకే పీఠంలో ఉన్న నలుగురు ఇందిరాగాంధీ స్టేడియం దగ్గర కలుసుకుందామని మాట ఇచ్చుకుంటే, రాకపోయినవాడికి ఫోను చేసే మనిషి ఉంటాడు. రెండోది రాత్రి అల్పాహారం. మూడోది, టీ తాగే చోటు. ఏ కొట్టు ముందు సిగరెట్టు కాల్చేవారో అక్కడికి ఇంకో రెండు నెలలు వెళ్ళకండి. టీ మానక్కర్లేదు. కొట్టు మార్చండి.

కొట్టు మార్చమనడానికి కారణం ఉంది. 2011లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు సినిమా హాల్లో జనానికి పాప్‌కార్న్ పంచారు. కొందరికి తాజాది, కొందరికి వారం నిలవది. హాల్లో పాప్‌కార్న్ తినే అలవాటు బాగా ఉన్నవాళ్ళు, నిలవదని తెలిసి కూడా, తాజాది తిన్నంతే తిన్నారు. అదే పాప్‌కార్న్ మీటింగు గదిలో ఇస్తే పాతది పక్కన పెట్టేశారు. హాల్లోనే అలవాటు లేని చేత్తో తినమన్నప్పుడు కూడా తిండి తగ్గింది. రుచి కాదు, ఆకలి కాదు, ఆ కుర్చీ, ఆ చీకటి వాళ్ళ చేత తినిపించాయి. విజయవాడ వాళ్ళకి ఈ మాట వివరించి చెప్పనక్కర్లేదు. ఇంటర్వెల్‌లో సమోసా ఆకలేసి కొనేవాళ్ళు మనలో ఎందరు?

సాయంత్రం నాలుగింటి పుణుగులు కూడా అంతే. గవర్నర్‌పేటలో ఆఫీసు ఉన్నవాళ్ళు కిందికి దిగితే పది అడుగుల్లో మూకుడు కనిపిస్తుంది. నూనె వాసన, అల్లం చట్నీ, అప్పటికే అక్కడ నిలబడ్డ తోటి ఉద్యోగులు. ఆ మూకుడు ముందు నిలబడి మనసుని నిగ్రహించుకోవడం వృథా శ్రమ. మూడున్నరకే డ్రాయరులోంచి ఉడకబెట్టిన పల్లీలో, వేయించిన సెనగలో, రెండు జామకాయలో తీసి బల్ల మీద పెట్టుకోవడం తేలిక. జామకాయ బండి కూడా ఆ రోడ్డు మీదే ఉంటుంది. బండి కనిపించే వైపు నుంచి ఆఫీసుకి రండి. కొనాలని గుర్తుపెట్టుకునే పని తప్పుతుంది. పుణుగులు శాశ్వతంగా మానేయమని నేను చెప్పను, అలా చెబితే ఎవరూ వినరు. శనివారం నలుగురితో కలిసి తినండి. రోజూ తినేది మాత్రం బల్ల మీద ఉన్నదే అవ్వాలి.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి క్యాంటీనులో ఇదే పని పెద్ద ఎత్తున చేశారు. డాక్టర్ ఆన్ థార్న్‌డైక్ బృందం ముందు పదార్థాలకి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులు పెట్టింది. తర్వాత వస్తువుల చోటు మార్చింది. తిండి వడ్డించే చోట్ల పక్కనే బుట్టల్లో మంచినీళ్ళ సీసాలు పెట్టారు. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. 2012లో వచ్చిన ఫలితాల ప్రకారం, చోటు మార్చిన మూడు నెలల్లో నీళ్ళ సీసాల అమ్మకం పాతిక శాతం పైగా పెరిగింది, ఎరుపు గుర్తున్న పానీయాల అమ్మకం 11 శాతం దాకా తగ్గింది. మన ఊళ్ళో చలివేంద్రం పెట్టే పెద్దమనుషులు చేస్తున్నది అదే. రోహిణి కార్తె ఎండలో, మనిషి నడిచే దారిలోనే, చెయ్యి చాపితే అందేట్టు కుండ పెట్టి, పక్కనొక మనిషిని నిలబెడతారు. కుండ సందులోపల పెడితే సోడా బండికే బేరం. మీ ఆఫీసులోనూ మంచినీళ్ళ క్యాను ఎక్కడుందో ఒకసారి చూడండి. స్టోరు గదిలో మూల ఉంటే హాల్లోకి తెప్పించండి. మీ సీసా మీ కీబోర్డు పక్కనే ఉండాలి, సంచిలో కాదు.

నడక గురించి ఎక్కువ చెప్పను. గవర్నర్‌పేటకి రోజూ వచ్చేవాళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు. ఇది నడిచే పేట. బీసెంట్ రోడ్డు అటు ఏలూరు రోడ్డునీ ఇటు బందరు రోడ్డునీ కలుపుతుంది, సాయంత్రం పూట అందులో బండి తిరగడానికి చోటే ఉండదు. స్కూటరు షాపు గుమ్మం ముందే పెట్టాలని అరగంట తిరిగే బదులు దూరంగా పెట్టేసి నడవండి. బస్సులో వచ్చేవాళ్ళు ఒక స్టాపు ముందు దిగండి. వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రానూ పోనూ పావుగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే అది పూర్తవుతుంది. సూర్యారావుపేట క్లినిక్కుల్లో డాక్టరు పిలుపు కోసం గంటలు కూర్చునే మెడికల్ రిప్రజెంటేటివులకి ఇంకా తేలిక: నంబరు చెప్పి ఆ వీధిలోనే తిరగండి.

ఒంటికి పని ఉద్యోగంలోనే దొరికితే ఎలా ఉంటుందో మొదట లెక్కలతో చూపించింది బస్సులే. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి లాన్సెట్ పత్రికలో రాశాడు. రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, రోజుకి వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వాళ్ళకి ఎవరూ వ్యాయామం నేర్పలేదు, టిక్కెట్లు కొట్టడమే వాళ్ళ పని. డ్రైవర్ల యూనిఫారం కొలతలు ఉద్యోగంలో చేరినప్పటి నుంచే పెద్దవని మోరిసే తర్వాత 1956లో చూపించాడు. అంటే తేడా అంతా మెట్లదే అనలేం. అయినా పని చేసే చోటు ఒంటిని మలుస్తుందన్న మాట ఆ తర్వాత ఎన్నో పరిశోధనల్లో నిలిచింది. గవర్నర్‌పేట డిపో డ్రైవరన్నలకి నా విన్నపం ఇదే: ట్రిప్పు ముగిశాక దొరికే ఆ కాసేపూ సీట్లోంచి దిగి బస్సు చుట్టూ నడవండి. ఇంజను ఆపాక దిగడం అనేదే గుర్తుగా పెట్టుకోండి.

ఈ గుర్తు పెట్టుకోవడం చాలా పనులకి పనికొస్తుంది. బీపీ మాత్ర మర్చిపోయేవాళ్ళు దాన్ని బీరువాలో కాకుండా కాఫీపొడి డబ్బా పక్కన పెట్టాలి. పూజ చేసే అలవాటున్నవాళ్ళకి దేవుడి అలమార ఇంకా మంచిది, ఆ పని తప్పరు కాబట్టి మాత్రా తప్పదు. అయితే పిల్లలకి అందని ఎత్తులో. రాత్రి ఫోను మంచం పక్కన ఛార్జింగు పెడితే పన్నెండున్నర దాకా నిద్ర రాదు. ఛార్జరుని హాల్లోకి మార్చండి, అలారం కోసం ఒక చిన్న గడియారం కొనుక్కోండి. ఒకరోజు తప్పితే? తప్పనివ్వండి. ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని లాలీ అధ్యయనంలోనే తేలింది. దీక్షలో నియమం తప్పితే అపరాధ భావం ఉంటుంది. నడక తప్పితే దాన్ని తెచ్చిపెట్టుకోకండి. మర్నాడు అదే వేళకి అదే గుమ్మం దాటడమే కావలసింది.

ఇంతవరకు చెప్పినవన్నీ తన బల్ల, తన డ్రాయరు, తన వేళలు చేతిలో ఉన్నవాళ్ళకి. గవర్నర్‌పేటలో పనిచేసేవాళ్ళలో ఎందరికో అవి ఉండవు. బట్టల షాపు సేల్స్ అమ్మాయి పొద్దున పదింటికి వచ్చి రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్తుంది. దసరా, సంక్రాంతి రోజుల్లో పదకొండు. అంతసేపూ నిలబడే ఉంటుంది. వెనక స్టూలు ఉండదు, ఉన్నా గిరాకీ లేనప్పుడు కూడా కూర్చుంటే ఓనరుకి నచ్చదని భయం. ఎండాకాలంలో కూడా సరిగా నీళ్ళు తాగదు. షాపులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు, పక్క కాంప్లెక్సుకి వెళ్ళాలంటే సూపర్‌వైజరుని అడగాలి. సిగ్గుపడి ఆమె పొద్దున్నుంచీ గొంతు తడుపుకోవడంతో సరిపెట్టుకుంటుంది. కాళ్ళలో నరాలు ఉబ్బడం, మూత్రంలో మంట, నడుము నొప్పి ముప్పై ఏళ్ళకే మొదలవుతాయి. రాత్రి పదిన్నరకి ఇల్లు చేరి, దారిలో కర్రీ పాయింటులో కొన్న వేపుడుతో కడుపునిండా తిని వెంటనే పడుకుంటుంది. ఈమెకి "రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగమ్మా, త్వరగా తినమ్మా" అని చెప్పడం ఎవరికైనా తేలికే.

ఆమె చేతిలో ఉన్నది కొంచెమే, అదైనా చెప్పాలి. ఇంటి నుంచి తెచ్చే క్యారేజీలో ఇంకో చిన్న గిన్నె కలపండి. ఏడున్నర, ఎనిమిది మధ్య గిరాకీ కాస్త పలచబడ్డప్పుడు ఇద్దరిద్దరు వంతులేసుకుని నాలుగు ముద్దల పెరుగన్నమో, రెండు చపాతీలో తినేయండి. ఇంటికెళ్ళాక గ్లాసు మజ్జిగ చాలు. కర్రీ పాయింటులో వేపుడు బదులు పప్పు, ఆకుకూర, పులుసు అడగండి. అవీ అక్కడే, అదే ధరకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. నిలబడ్డచోటే మడమలు పైకెత్తి దించుతూ ఉండండి, పిక్కల్లో రక్తం కదులుతుంది. ఒక్కరే చేస్తే నాలుగు రోజులే. పక్క కౌంటరు అమ్మాయితో కలిసి చేస్తే నిలుస్తుంది.

అసలు మార్పు రావలసింది షాపులో. ఇది జరగని పని కాదు. కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువు మన బీసెంట్ రోడ్డు లాంటి బజారే. అక్కడి బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు, విజి అనే దర్జీ నాయకత్వంలో 'పెణ్‌కూట్టు' పేరుతో 2009లో కూడగట్టుకుని మొదట మరుగుదొడ్ల కోసం, ఆ తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే వీలు కల్పించమంది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. స్టూలు వేసినందుకు ఆ రెండు రాష్ట్రాల్లో బట్టల వ్యాపారం పడిపోయిందని నేనైతే వినలేదు.

గవర్నర్‌పేట యజమానులారా, మీలో చాలామంది ప్రతి వేసవీ గుమ్మం ముందు చలివేంద్రం పెట్టి దారినపోయేవాళ్ళ దాహం తీరుస్తున్నారు. దీక్షలో ఉన్న సిబ్బందికి భిక్ష వేళకి సెలవిస్తున్నారు. ఆ ధర్మబుద్ధి మీకుంది. కౌంటరు వెనక ఇద్దరికి ఒకటి చొప్పున స్టూళ్ళు వేయించండి, గిరాకీ లేనప్పుడు కూర్చోమని మీ నోటితోనే చెప్పండి. ఆడవాళ్ళకి తలుపున్న, నీళ్ళున్న మరుగుదొడ్డి కట్టించండి. స్థలం లేకపోతే పక్క నాలుగు షాపులవాళ్ళూ కలిసి ఒకటి కట్టించండి. రాత్రి ఎనిమిదింటికి తినడానికి పదిహేను నిమిషాలు ఇవ్వండి. దసరా రద్దీ మొదలయ్యేలోపు ఈ మూడూ అయిపోవాలి.